పందిరి గుంజలు ఎక్కడ తెచ్చుకోవాలి?

ఎండాకాలం వస్తోంది, వాకిట్లో చలువ పందిరి వేసుకోవాలి. ఎదురుగా అడవే ఉంది. నాలుగు గుంజలు కొట్టుకుంటే తప్పా?

రిజర్వు అడవిలో తప్పే. 1967 అటవీ చట్టం కింద అనుమతి లేకుండా చెట్టు కొట్టడం నేరం. టేకా, నల్లమద్దా అన్న తేడా లేదు. గుంజలతో పాటు గొడ్డలినీ బండినీ పట్టుకునే అధికారం అటవీ సిబ్బందికి ఉంది. కిన్నెరసాని అభయారణ్యంలో అయితే 1972 వన్యప్రాణి చట్టం కూడా మెడకు చుట్టుకుంటుంది.

పోడు పట్టా ఉంది. ఆ చేలో టేకు చెట్టు నాదే కదా?

పట్టా ఇచ్చింది సాగుకూ నివాసానికీ. టేకు కలప అందులోకి రాదు. రేంజి ఆఫీసులో అడగకుండా దాని మీద గొడ్డలి వేయకండి. సొంత పట్టా భూమిలోని టేకుకైనా 2002 వాల్టా చట్టం ఉంది, ముందు అనుమతి తీసుకోవాలి.

మరి గుంజలు దొరికేదెక్కడ?

రైతుల తోటల్లో. భద్రాచలం దగ్గరి సారపాకలో కాగితం మిల్లు ఉండబట్టి ఈ చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్ బాగా వేస్తారు. తోట కొట్టే రోజుల్లో వెళ్తే నచ్చినవి ఏరుకోవచ్చు. గుంజ మొదలును కంటికి ఆనించి కొనదాకా చూడండి, వంకర అక్కడే తెలిసిపోతుంది. ఎనిమిది అడుగుల పందిరికి పది అడుగుల గుంజ కావాలి, రెండు అడుగులు నేలలోకి పోతాయి. జామాయిల్‌కు చెద పట్టేది నేలను తాకే ఆ చోటే. బెరడు ఒలిచి, ఆ రెండు అడుగులూ మంటలో పైపైన నల్లబడేలా కాల్చి, తారు పూసి పాతండి.

భద్రాచలంలో కొని ఎటపాకకు తీసుకుపోవచ్చా?

2014 విభజనలో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, ఎటపాక ఆంధ్రకు పోయింది. ఊరు దాటితే రాష్ట్రం మారినట్టే. అటవీ కలపకు రవాణా పర్మిట్ తప్పనిసరి. తోటలో కొన్నవైతే రైతు పేరు, సర్వే నంబరు, గుంజల లెక్క రాయించిన రసీదు దగ్గర పెట్టుకోండి.

మేం కోయోళ్లం. తాతల నాటి నుంచి వెదురు కొట్టుకుంటున్నాం. అదీ కేసేనా?

మీ హక్కు అది. గుంజకూ బొంగుకూ చట్టంలో చాలా తేడా ఉంది, అది తెలియక ఎంతోమంది భయపడి ఊరుకుంటున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును తునికాకు, తేనెలతో కలిపి చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా లెక్కగట్టింది. తరతరాలుగా సేకరిస్తున్న వాళ్లకు దాని మీద యాజమాన్యం ఇచ్చింది. యాజమాన్యం అంటే ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖ అనే గోండు గూడెం 2011లో ఈ హక్కుతోనే తన వెదురు తానే అమ్ముకుంది. అమ్మకానికి తీసుకెళ్లే వెదురుకు రవాణా పర్మిట్ ఇవ్వాల్సింది గ్రామసభ కమిటీయే అని 2012 నిబంధనలు చెబుతున్నాయి.

అయితే హక్కు కాగితం మీద ఉండాలి. ఫారం-బి నింపి గ్రామసభకు ఇస్తే, తీర్మానం చేసి సబ్ డివిజన్ కమిటీకి పంపుతారు, చివరి మాట జిల్లా కమిటీది. పత్రం చేతిలో లేకపోతే చెక్‌పోస్టు దగ్గర మీ మాట నిలవదు.

మీ గూడెం ఇంకా దరఖాస్తు పెట్టలేదా? వచ్చే గ్రామసభలో లేచి అడగండి.