కట్లు విప్పిన తరువాత

చదువవలసిన భాగములు: లూకా 10:25–37, ద్వితీయోపదేశకాండము 23:15, 16



మంచి సమరయుని ఉపమానమును మనకు వ్రాసిపెట్టిన లూకా వైద్యుడు (కొలొ. 4:14). గాయములు కట్టుటతో ఆ కథ ముగియలేదు. సమరయుడు ఆ మనుష్యునికి బస చూపి, ఖర్చు తానే పెట్టుకొనెను.

మన గంజాం చరిత్రలోను ఇట్టి పాఠమొకటి కలదు. పూర్వము ఇక్కడి కొండలలో కంధులలో కొందరు పంటల కొరకు భూదేవతకు నరబలి ఇచ్చెడివారు. బలికై ఉంచబడినవారిని మెరియాలు అనిరి. మెరియా వెలపెట్టి కొనబడినవాడై యుండవలెనని నియమము. కొన్నవారు కొండలవారే గాని, పిల్లలను ఎత్తుకొనిపోయి అమ్మిన పల్లపువారును ఉండిరి. కనుక కంధ సహోదరులను మాత్రమే నిందించుట తగదు.

గుంసూరు యుద్ధకాలమున, 1836లో, ఈ సంగతి ఆంగ్ల అధికారులకు తెలిసెను. 1845లో మెరియా ఏజెన్సీ ఏర్పడెను. 1837 నుండి 1854 వరకు 1,506 మంది విడిపింపబడిరని కాంప్‌బెల్ అను అధికారి లెక్క వ్రాసెను.

అయితే ఒక విచారకరమైన సంగతియు ఉన్నది. 1846లో బౌద్ కొండలలో సుమారు 170 మంది మెరియాలు ఏజెంటు మాక్‌ఫర్సన్ చేతికి వచ్చిరి. కంధులు గుంపుగా వచ్చి పట్టుబట్టగా ఆయన వారిని తిరిగి అప్పగించెను. తప్పించుకొని వచ్చిన దాసుని యజమానునికి అప్పగింపరాదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఆ ఆజ్ఞను నెరవేర్చుట ఎంత కష్టమో ఆ దినమున తెలిసినది.

మరి విడుదలైన పిల్లలు ఎక్కడికి పోవలెను? అనేకులకు ఇల్లు లేదు. బరంపురం, కటకములలోని బాప్టిస్టు మిషనరీలు వారిలో కొందరిని చేరదీసి, అన్నము పెట్టి, చదువు చెప్పిరి. అధికారి కట్లు విప్పెను. సంఘము బస చూపెను.

నేడు బలి లేదు గాని, అడ్వాన్సు పుచ్చుకొని ఇటుక బట్టీలలో చిక్కుకొనిన కుటుంబములు ఉన్నవి. 1976 చట్టము వెట్టిచాకిరీని రద్దు చేసినది. విడుదల పత్రము చేతికి వచ్చినను, పని, బడి, ఇల్లు లేనిచో వారు మరల అప్పునకే పోవుదురు. వలస వచ్చి స్థిరపడిన మనకు పరాయిచోట ఆదరణ విలువ తెలియును గదా!

ఆలోచించుడి:
1. మన వీధిలో అప్పు క్రింద పనిచేయుచున్నవారు ఎవరు?
2. అట్టి పిల్లవానిని ఒక సంవత్సరము బడికి పంపుటకు మన సంఘము ఏమి ఇయ్యగలదు?

ప్రభువు మనకు అట్టి మనస్సు అనుగ్రహించును గాక. ఆమేన్.