సగటు చాటున దాగిన బస్తీలు

జనాభా లెక్కలు చదివేటప్పుడు మనం అంకెను చూస్తాం. ఆ అంకె ఎంత ప్రాంతానికి చెందినదో మాత్రం అడగం. తరగతిలో మేము పిల్లలకు మొదట నేర్పేది ఆ ప్రశ్నే.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదరపు కిలోమీటరుకు 308 మంది. జిల్లాలవారీగా చూస్తే హైదరాబాదులో 18 వేలకు పైగా, ఆదిలాబాదులో 170. రాష్ట్ర సగటు ఈ రెండింటిలో దేనికీ సరిపోదు.

హైదరాబాదు చుట్టూ ఉన్న పాత రంగారెడ్డి జిల్లాలో జనసాంద్రత 707. కిక్కిరిసిన మల్కాజిగిరి, తాండూరు వైపు కందిచేలు రెండూ ఆ అంకెలోనే కలిసిపోయాయి. 2016లో ఆ జిల్లాను మూడుగా విభజించి, పాత మహబూబ్‌నగర్ మండలాలు కొన్ని కలిపారు. అవే 2011 లెక్కలను కొత్త హద్దుల ప్రకారం కూడితే మేడ్చల్-మల్కాజిగిరిలో 2 వేలకు పైగా, వికారాబాదులో 300 లోపు వచ్చింది. లెక్కలోని మనుషులు వారే, మారింది గీత.

కనుక పటంలో కనబడే తీరు రెండు విషయాలపై ఆధారపడుతుంది. ఒకటి స్థాయి: రాష్ట్రమా, జిల్లానా, గ్రామమా. రెండు హద్దు: గీత ఎక్కడ పడింది.

అలాగని ఎంత చిన్న స్థాయికి వెళ్తే అంత మంచిదనీ కాదు. 40 మంది ఉన్న గూడెంలో నలుగురి కుటుంబం ఒకటి వలసపోతే జనాభా 10 శాతం పడిపోయినట్టు కనబడుతుంది.

సేవాసంఘాలకు ఈ పాఠం మరీ అవసరం. 2011లో హైదరాబాదు జిల్లా అక్షరాస్యత 83 శాతం. అది చూసి ఇక్కడ రాత్రిబడి అక్కర్లేదనుకుంటాం. కానీ ఏడేళ్లు, ఆపై వయసువారిలో మిగిలిన 17 శాతం అంటే ఐదు లక్షలకు పైగా మనుషులు. వారు ఏ వీధుల్లో ఉన్నారో జిల్లా అంకె చెప్పదు. జనగణన శాఖ అక్షరాస్యుల సంఖ్యను వార్డు వరకు, పల్లెల్లో గ్రామం వరకు ఇస్తుంది. ముందు జిల్లా, తరువాత వార్డు, ఆపైన గడప గడపకూ వెళ్లి విచారణ. ఈ వరుసలో వెళ్తే దాతల రూపాయి చేరవలసిన చోటికి చేరుతుంది.

ఏ అంకె కనబడినా మూడు ప్రశ్నలు వేద్దాం: ఇది ఎంత ప్రాంతానిది? హద్దు ఎప్పుడు గీసినది? ఈ సగటులో ఎవరెవరు కలిసిపోయారు?