గర్భనిరోధక మాత్రయు అండాశయపు క్యాన్సరును

స్త్రీల గర్భాశయమునకు ఇరువైపుల బాదముపప్పంత ప్రమాణముగల అండాశయములు రెండు గలవు. వీనియందు పుట్టెడి క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండని పిలిచిన వ్యాధి, మిక్కిలి మోసకరమైనది. కడుపులోతున నుండుటచే చాలకాలము బయటపడదు; బయటపడునప్పటికి తరచుగా ముదిరియుండును. అట్టి వ్యాధిని తగ్గించునదొకటి వైద్యులు వెదకని చోటనే దొరకెను. అది స్త్రీలు సంతానము వలదని మ్రింగెడి మాత్ర. ఈ సంగతి యెట్లు తెలిసెనో, దానిని మన మెంతవరకు నమ్మవచ్చునో ఇందు వివరింపగోరుచున్నాము.

ఈ మాత్రకు 1960లో అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చెను. స్త్రీ శరీరమున సహజముగా పుట్టెడి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అను హార్మోనులను బోలిన పదార్థములు దీనియందు గలవు. ఇవి నెలనెలా అండము విడుదల కాకుండ ఆపును. 1971లో ఈజిప్టు దేశపు వైద్యుడు మహమూద్ ఫతల్లా 'లాన్సెట్' అను వైద్యపత్రికయందు ఒక యూహను ప్రకటించెను. అండము వెలువడునప్పుడెల్ల అండాశయపు పైపొర చిట్లి మరల మానుచుండును. విరామము లేక ఇట్లు జరుగుటయే క్యాన్సరునకొక కారణమేమో యని యాతని తలంపు. అది నిజమైనచో అండము వెలువడుటను ఆపెడి మాత్ర ఈ వ్యాధిని తగ్గింపవలెను.

కాని యూహ యెంత యింపుగా నున్నను ఋజువు కాజాలదు. ఇరుగుపొరుగున నిద్దరిని చూచి తీర్పు చెప్పుటయు తగదు. పరిశోధకులు రెండు మార్గముల ననుసరించిరి. మొదటిది, రోగులను, అదే వయస్సుగల నిరోగులను పోల్చి, పూర్వము మాత్ర వాడిన వారెందరని విచారించుట. రెండవది, మాత్ర వాడువారిని, వాడనివారిని చేర్చుకొని యేండ్లతరబడి గమనించుట. 1968లో బ్రిటనునందు రాయల్ కాలేజీ ఆఫ్ జనరల్ ప్రాక్టీషనర్స్ వారు సుమారు 46,000 మంది స్త్రీలతో ఈ రెండవ మార్గము నారంభించిరి. 2017లో ప్రకటించిన ఫలితమును బట్టి, మాత్ర వాడినవారిలో అండాశయపు క్యాన్సరు సుమారు మూడవవంతు తక్కువగా నుండెను.

అంతకు మునుపే, 2008లో, 21 దేశములందు జరిగిన 45 పరిశోధనలను ఒక్కచోట చేర్చి లెక్కించిరి. అందు రోగులు 23,257 మంది. వ్యాధి లేనివారు 87,303 మంది. మాత్ర వాడిన ప్రతి అయిదేండ్లకు ఈ వ్యాధి సుమారు నూటికి ఇరువది చొప్పున తగ్గెననియు, మానివేసిన ముప్పదియేండ్లకు పిమ్మటను కొంత రక్షణ మిగిలెననియు తేలెను.

విద్యార్థు లిచ్చట నొక లెక్కను గమనింపవలెను. సంపన్నదేశములందు మాత్ర వాడని స్త్రీలు వేయిమందిలో పన్నిద్దరికి డెబ్బదియైదేండ్లలోపల ఈ వ్యాధి వచ్చును. పదియేండ్లు వాడినవారిలో ఎనమండుగురికి వచ్చును. మూడవవంతు తగ్గెననుటయు నిజమే. వేయింట నలుగురు తప్పించుకొనిరనుటయు నిజమే. మొదటిమాట పెద్దదిగా తోచును, రెండవది చిన్నదిగా తోచును. కావున ఎవరైన నూటికింత యని చెప్పినప్పుడు 'ఎందరిలో?' అని యడుగుట నేర్చుకొనవలెను.

త్రాసునకు రెండవ తట్టయు గలదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ ఈ మాత్రను క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. వాడుచున్న కాలమున రొమ్ము, గర్భాశయముఖపు క్యాన్సరులు కొంత హెచ్చును. మానిన పిమ్మట ఆ హెచ్చుదల క్రమముగా తగ్గును. కొందరికి రక్తనాళములలో రక్తము గడ్డకట్టు అపాయము గలదు. పొగత్రాగువారికి, ముఖ్యముగా ముప్పదియైదేండ్లు దాటినవారికి, గుండెపోటు భయము హెచ్చు. కావున వ్యాధి రాకుండునని తలచి వైద్యుని యడుగక దీనిని వాడరాదు.

తల్లులకొక మనవి. కడుపుబ్బరము వారములతరబడి విడువకున్నను, కొద్దిగా తినగనే కడుపు నిండినట్లు తోచినను, పొత్తికడుపున నొప్పి యున్నను, మాటిమాటికి మూత్రము వచ్చుచున్నను, వాయువని సరిపెట్టుకొని దాచవలదు. ఇవి చాలమందిలో సామాన్యకారణముల వలననే కలుగును. అయినను వైద్యునికి చూపుట మేలు. చదువనేర్చిన బిడ్డలు ఈ చివరిమాటలను ఇంట తల్లికి, అవ్వకు చదివి వినిపించినచో మా ప్రయాస ఫలించినట్లే.