మెదకు దేవాలయపు రంగుటద్దములు

మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములనుండి మెదకు దేవాలయమును చూడబోవు విద్యార్థులు ముందుగా దాని పరిమాణమునకు ఆశ్చర్యపడుదురు. గోపురము ఎత్తు 175 అడుగులు. కట్టడము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. అయితే లోనికి పోయిన పిమ్మట కన్నులు నిలుచునది మూడు రంగుటద్దముల కిటికీలమీదనే. అవి ఎట్లు చేయబడునో, ఎప్పుడు వచ్చినవో తెలిసికొని చూచుట మేలు.

గాజునకు మూలము ఇసుక. దానిని సోడాతోను సున్నముతోను చేర్చి కొలిమిలో కరగించునపుడు లోహభస్మములను కలుపుదురు. కోబాల్టు కలిపిన నీలమగును. రాగి కలిపిన, కొలిమి మంటనుబట్టి, ఆకుపచ్చయో యెరుపో యగును. బంగారము లేశమాత్రము కలిపిన కెంపువన్నె వచ్చును. రంగు గాజులోనే యుండుటచేత ఎండకు వెలసిపోదు, వానకు కడిగిపోదు. ముఖములు, వస్త్రముల మడతలు మొదలగు రేఖలను ఇనుపభస్మము, గాజుపొడి కలిపిన రంగుతో వ్రాసి మరల కొలిమిలో కాల్తురు. తరువాత ముక్కలన్నిటిని సీసపు పట్టీలతో జతచేయుదురు. జర్మనీ దేశమందలి ఆగ్స్‌బర్గు దేవాలయములో ఇట్లు చేసిన ప్రవక్తల చిత్రములు సుమారు 900 సంవత్సరములుగా నిలిచియున్నవి. గ్రంథము చదువనేరని జనులకు ఆ కాలమున కిటికీలే పుస్తకములు.

మెదకులోను అట్లే యుండెను. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరవుకాలమున పేదలకు కూలి కల్పించి ఈ దేవాలయమును కట్టించిరి. రాళ్లు మోసినవారిలో పెక్కండ్రు అక్షరము లెరుగరు. 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. బల్లపీఠము వెనుకనున్న క్రీస్తు ఆరోహణ చిత్రము 1927లోను, జనన చిత్రము 1947లోను, సిలువ చిత్రము 1958లోను అమర్చబడెను. వీనిని రూపించినవారు లండను చిత్రకారులు ఫ్రాంక్ సాలిస్‌బరీ గారు. మొదటి రెండు కిటికీలు నైజాము రాజ్యకాలమున వచ్చినవి; మూడవది వచ్చునప్పటికి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మేర్పడి రెండేండ్లయ్యెను. మొదటిదానిని రాళ్లు మోసినవారు చూడగలిగిరి. మూడవదానిని చూచుటకు వారిలో ఎందరో మిగిలియుండలేదు. వారి బిడ్డలును, మనుమలును చూచిరి.

ఈ చిత్రములను పగటివేళ లోపల నిలిచియే చూడవలెను. వెలుపలినుండి చూచినచో అవి నల్లని గాజువలె నుండును. రాత్రివేళ లోపల ఎన్ని దీపములు వెలిగించినను ఆ వన్నెలు కానరావు. సూర్యుడు గాజు గుండ వెలుగు పంపినపుడే చిత్రము కనబడును. మబ్బు కమ్మినపుడు నీలము చిక్కబడుట, ఎండ కాసినపుడు ఎరుపు మండుట గమనింపుడు.

సీసము మెత్తని లోహము, కాలక్రమమున వంగును. గాజు పగిలినచో ఆ వన్నె ముక్కనే మరల సంపాదించుట కష్టము. ముప్పదియొక్క సంవత్సరములలో పూర్తియైన దానిని చెరచుటకు పావురముపై విసరిన ఒక్క రాయి చాలును. కావున అచటికి వెళ్లిన బాలురు, బాలికలు అద్దములను ముట్టక, దూరమున నిలిచి, తీరికగా చూచి రావలయును.