కణము పరాయి డి.ఎన్.ఏ. నెట్లు గుర్తించును?

ఇనుపపెట్టెలో నుండవలసిన దస్తావేజు ఒకటి వీధి యరుగుమీద పడియుండుట చూచినచో గృహస్థు డేమి చేయును? అది తమదో పరులదో చదివి తేల్చుకొనకముందే, ఏదియో కీడు జరిగినదని యెంచి యింటివారిని కేకవేయును. మన శరీరమందలి జీవకణములును ఇట్లే చేయుచున్నవి. పుట్టుకతో వచ్చిన రోగనిరోధకశక్తికి ఇది యొక మూలము.

వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. మన కణములలో కేంద్రకమునందును, కొద్దిగా మైటోకాండ్రియాలందును ఉండును. వీని వెలుపలనుండు కణద్రవ్యములో అది యుండరాదు. హెర్పిస్, మశూచి జాతుల వైరసులు కణములో జొరబడినపుడు వాని డి.ఎన్.ఏ. ఆ కణద్రవ్యమున బయటపడవచ్చును.

దానిని పసిగట్టు కావలివాడు సీగ్యాస్ అను ఎంజైము. అమెరికాలోని డల్లాసు నగరమున జేమ్స్ చెన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 2013లో దీనిని కనుగొనిరి. ఇందులకై చెన్‌కు 2024లో లాస్కర్ బహుమతి లభించినది.

డి.ఎన్.ఏ. తగులగానే సీగ్యాస్ రూపము మారును. అప్పు డది ఏ.టి.పి., జి.టి.పి. అను రెండు పదార్థములను గలిపి సీగ్యాంప్ అను చిన్న అణువును తయారుచేయును. ఈ వార్తాహరుడు పోయి, కణములోని పొరలపై నుండు స్టింగ్ అను ప్రోటీనును మేల్కొలుపును. స్టింగ్ టి.బి.కె.1 అను ఎంజైమును పనికి పిలుచును. ఆ ఎంజైము ఐ.ఆర్.ఎఫ్.3 అను ప్రోటీనునకు ఫాస్ఫేటును చేర్చును. అంతట ఐ.ఆర్.ఎఫ్.3 కేంద్రకములో ప్రవేశించి ఇంటర్‌ఫెరాన్ తయారగునట్లు చేయును. 1957లో లండనునందు ఐజాక్స్, లిండెన్‌మాన్ అనువారు కనుగొనిన ఈ ఇంటర్‌ఫెరాన్ ఇరుగుపొరుగు కణములను హెచ్చరించి వైరసు నెదుర్కొనుటకు సిద్ధపరచును.

ఇందొక చిక్కు కలదు. సీగ్యాస్ డి.ఎన్.ఏ.లోని వ్రాతను చదువదు. అది తనదో పరులదో యెరుగదు. ఉండరానిచోట నుండుటయే దానికి గుర్తు. కేంద్రకములోను కొంత సీగ్యాస్ కలదు గాని, అచ్చట డి.ఎన్.ఏ. తమచుట్టు చుట్టుకొనియుండు ప్రోటీనులు దానిని పట్టి యుంచి పనిచేయనీయవు. కణద్రవ్యములోనికి జారిపడిన సొంత డి.ఎన్.ఏ. తునకలను ట్రెక్స్1 అను ఎంజైము ఎప్పటికప్పుడు ఊడ్చివేయుచుండును. పుట్టుకతోనే ఈ ఎంజైము లోపించిన శిశువులలో, శత్రువు లేకయే ఇంటర్‌ఫెరాన్ పుట్టుచుండును. దానివలన మెదడును దెబ్బతీయు ఐకార్డి-గూటియేర్ అను ఘోరవ్యాధి కలుగును.

కావున కావలివాడొక్కడుండిన చాలదు. ఇల్లు శుభ్రముగా నుంచువాడును వలయును. మొదటివాడు లేనిచో శత్రువు లోపలికి వచ్చును. రెండవవాడు లేనిచో కావలివాడే యింటికి కీడగును. అందుచేతనే అవసరమైనపుడు ఈ కేకను హెచ్చించుటకును, అనవసరమైనపుడు అణచుటకును తగిన మందులకై నేడు శాస్త్రజ్ఞులు కృషి చేయుచున్నారు.