పాఠశాలలో పలుకు – పరమత గౌరవము

బసవేశ్వరుడు పండితభాషను గాక ప్రజల నిత్యవ్యవహారమైన కన్నడమున వచనములు పలికెను. ఆయన అంకితము 'కూడలసంగమదేవ'. అల్లమప్రభువునకు 'గుహేశ్వర', అక్కమహాదేవికి 'చెన్నమల్లికార్జున', సొన్నలిగె సిద్ధరామయ్యకు 'కపిలసిద్ధమల్లికార్జున' అంకితములు. అందరును నమ్మినది శివునే; పిలిచిన పేర్లు మాత్రము వేరు. తన అంకితముతోనే పలుకవలెనని ఏ శరణుడును వేరొకరిని నిర్బంధింపలేదు.

ఈ పాఠము నేటి పాఠశాలకును వర్తించును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోని ప్రభుత్వ పాఠశాలలలో పలు మతముల పిల్లలు కలసి చదువుకొందురు. ఇంటిలో ఒకరు 'శరణు శరణార్థి' యనియు, ఒకరు 'సలాం' అనియు, ఒకరు 'వందనాలు' అనియు పెద్దలను పలుకరింతురు. ఈ ప్రాంతమునకు ఇది క్రొత్త గాదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో 'ఓ లింగా' యను పిలుపు మారుమ్రోగును. జాన్‌పహాడ్ దర్గా ఉర్సునకు హిందువులును తరలిపోవుదురు.

అయినను చిన్న మాటయే పసి మనస్సును గాయపరచగలదు. తరగతిలో ఒక వస్తువు కనబడలేదనుకొందము. 'దేవుని తోడు, నేను తీయలేదు' అని పిల్లలందరును ఒట్టు పెట్టుదురు. ఒట్టు పెట్టరాదని తన మతము బోధించుటచే ఒక బాలుడు పెట్టడు. అతనిని దొంగయనుట న్యాయమా? శాసనసభలలో కొందరు 'దైవసాక్షిగా' అనియు, కొందరు 'ఆత్మసాక్షిగా' అనియు ప్రమాణము చేయుదురు. పెద్దలకు రాజ్యాంగమిచ్చిన ఈ వెసులుబాటు పిల్లవానికి ఏల యుండరాదు? 'నేను నిజము చెప్పుచున్నాను' అను మాట చాలదా?

1985లో కేరళలో ముగ్గురు క్రైస్తవ బాలబాలికలు జాతీయగీతాలాపన సమయమున గౌరవముతో నిలిచిరి గాని, తమ మతవిశ్వాసమును బట్టి పాడలేదు. పాఠశాల వారిని తొలగించెను. 1986 ఆగస్టు 11న సర్వోన్నత న్యాయస్థానము వారిని తిరిగి చేర్చుకొనవలెనని తీర్పు చెప్పెను. ఆ తీర్పును వ్రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మౌనముగా నిలుచుట అవమానము కాదని అందలి భావము. పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాసంస్థలలో మతబోధ కూడదని రాజ్యాంగము 28వ అధికరణమున విధించినది.

పరుల పలుకును గౌరవించుట యనగా స్వధర్మమును విడుచుట గాదు. లింగాయత బాలుడు నొసట విభూతి ధరించి 'శరణు' అన్నపుడు ఎవరైన నవ్వినచో ఆ బాధ యెట్టిదో తల్లిదండ్రులెరుగుదురు. అట్టి బాధ తమ బిడ్డ వలన వేరొకరికి కలుగనీయరాదు. గృహములందు పెద్దలును, మఠములందు గురువులును పిల్లలకు మూడు విషయములు నేర్పవలెను: తన పలుకును సిగ్గుపడక పలుకుట, ఎదుటివాని పలుకును నవ్వక వినుట, పలుకనివానిని నిర్బంధింపకుండుట.

శరణులు అనుభవమంటపమున ఆచరించి చూపినది ఇదియే.