పట్టంచు మీద పెయింటు

చిట్టితల్లీ,

వద్దు, ఆ నెయిల్ పాలిష్ రిమూవర్ పక్కన పెట్టేయ్. వేడినీళ్లూ వద్దు. హాస్టల్లో ఎవరో చెప్పారన్న బ్లీచ్ అసలే వద్దు. పట్టు ప్రొటీన్‌తో అయిన పోగు, క్లోరిన్ బ్లీచ్‌లో పడితే కరిగిపోతుంది. ఎండిపోయిన మరక ఈ పూటకెక్కడికీ పోదు, ఇది చివరిదాకా చదివాకే చీర ముట్టుకో.

నాటకం తెరకి వేసింది అక్రిలిక్ అన్నావుగా, అదొక్కటీ నయం. ఆరాక అది ప్లాస్టిక్ పొరే. నీళ్లకి లొంగదు, స్పిరిట్‌కి మెత్తబడుతుంది. గేటుకి వేసే ఎనామిల్ అయ్యుంటే నిన్ను చెయ్యి పెట్టనిచ్చేదాన్నే కాదు.

స్పిరిట్ అంటే, మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుగు. ముందు కట్టుచెంగులో కనబడని చోట ఒక చుక్క వేసి తెల్లగుడ్డతో అద్ది చూడు. అంచులో వేరే, బాడీలో వేరే చూడాలి, రెండింటి అద్దకం ఒకటి కాదు. గుడ్డకి చీర రంగు అంటిందా, అక్కడితో ఆపెయ్.

ఇక రుద్దడం సంగతి. నువ్వు ఇప్పటికే గోటితో గీకావని ఫోటో చూస్తేనే తెలిసింది. ఎన్నిసార్లు చెప్పానే! తడిసిన పట్టుకి బలం తగ్గుతుంది. అప్పుడు రుద్దితే పోగు చీలి, మెరుపు పోయి, ఆ మేర పొగమంచు పట్టినట్టు తెల్లగా మిగిలిపోతుంది. మరకకైనా మందుంది, దానికి లేదు. జరీ అయితే దారం చుట్టూ సన్నటి లోహపు తీగ చుట్టి చేసింది, గోరు తగిలితే లేచిపోతుంది. పైగా అది గద్వాల చీర. నూలు బాడీనీ పట్టంచునీ మగ్గం మీదే పోగుకి పోగు మెలేసి కలుపుతారు, కుప్పడం అంటారు ఆ నేతని. నీ మరక సరిగ్గా ఆ కలిసిన చోటే పడింది. అంత ఓపికగా కలిపిన చోట నువ్వూ ఓపిక పట్టాలి.

మరక కిందికి వచ్చేలా తెల్లగుడ్డ మీద పరిచి, వెనకవైపు నుంచి స్పిరిట్ దూదితో అద్దు. మెత్తబడిన రంగు గుడ్డకి దిగుతుంది. గుడ్డ జరుపుతూ మళ్లీ అద్దు. కిటికీ తెరిచి పెట్టుకో, దగ్గర్లో పొయ్యి ఉండకూడదు. జరీ మీదున్న చుక్కలు మాత్రం ముట్టుకోకు, అవి డ్రైక్లీనింగ్ అతనికే. పెయింటు ఏదో, నువ్వేం వాడావో దాచకుండా చెప్పు, లేకపోతే ఏ మందు వాడాలో అతనికి తెలియదు.

అమ్మ చీర కదా, ఈ రాత్రే అమ్మకీ చెప్పెయ్. కోప్పడితే ఫోన్ నాకు కలుపు, నేను మాట్లాడతాను.

పెద్దమ్మ